నాడె అటు నుంచి ఇటు వచ్చేలోపు

పేరాల నేత వీధిలో ముందు మగ్గాల చప్పుడు చెవిన పడుతుంది, ఇళ్లు తర్వాత కనిపిస్తాయి. తల వంచి ఈ గడప దాటండి. లోపల వెలుతురు తక్కువ. గంజి వాసన, తడిమట్టి వాసన కలిసి వస్తున్నాయి. మొన్నటి వానకు మగ్గం గుంటలో చెమ్మ ఇంకా ఆరలేదు.

"రామ్మా, ఆ పీట లాక్కుని కూర్చో" అంటాడు బాబాయ్, పని ఆపకుండానే.

గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేసుకున్నాడు. కుడి చెయ్యి తాడు లాగింది. పడుగు మధ్య నుంచి నాడె దూసుకుపోయింది. ఎడమ చెయ్యి పన్నెను ముందుకు గుంజి పేకను బిగించింది. ఈలోపే కింద కాలు మారింది, పై పోగులు కిందికి దిగాయి, కిందివి పైకి లేచాయి. మళ్లీ తాడు. కాసేపు అలాగే చూడండి. ఆయన కళ్లు చేతుల మీద లేవు, కాళ్ల మీద అసలే లేవు. మీ ఊరి సంగతులు అడుగుతూనే నేస్తున్నాడు.

"ఇందులో బుర్రకేం పనమ్మా, చేతులు ఆడటమేగా!"

ఈ ఒక్క మాటా నేను ఒప్పుకోను. ఆ చేతులు ఆడుతున్నంతసేపూ ఆయన తలలో, వెన్నులో ఏం జరుగుతోందో దగ్గరగా చూద్దాం.

తాడు లాగమన్న ఆజ్ఞ ఎడమవైపు పెద్దమెదడులోంచి వస్తుంది. పెద్దమెదడు పైపొరలో, ఒక చెవి మీద నుంచి నడినెత్తి దాటి రెండో చెవి దాకా అడ్డంగా ఒక పట్టీ సాగుతుంది. ఒంటిని కదిలించే ఆజ్ఞల్లో చాలావరకు అక్కడివే. వేళ్లకు అందులో బోలెడంత చోటుంది, వీపు మొత్తానికీ కొంచెమే. ఇప్పుడు కర్ర తొక్కుతున్న పాదం తాలూకు భాగం నడినెత్తిన, మెదడు రెండు సగాలూ ఎదురెదురుగా ఉండే లోపలి అంచున ఉంది. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1930లలో ఈ పటం గీశాడు. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు. అందుకే రోగి మెలకువగా ఉండగానే సన్నని విద్యుత్తు తాకించి, ఎక్కడ తాకితే ఏ వేలు కదిలిందో రాసుకున్నాడు.

ఆజ్ఞ కిందికి దిగుతోంది. మెదడు అడుగున మజ్జాముఖం దగ్గర ఎక్కువ తంతువులు ఎడమవి కుడికి, కుడివి ఎడమకు దాటుకుంటాయి. అందుకే ఎడమ మెదడు చెబితే కుడి చెయ్యి లాగుతుంది. చేతికి పోవాల్సిన నాడులు మెడ దగ్గరే వెన్నుపాము నుంచి బయటికి వచ్చేస్తాయి. కాలి నాడులకు ఇంకా దూరం ఉంది. అయినా నెత్తి నుంచి పాదం చేరడానికి ఆ కబురుకు సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు.

అదిగో, కాలు చటుక్కున పైకి లేచింది! తొక్కుడు కర్రకు లేచిన పేడు గుచ్చుకుంది. "అబ్బా" అని ఆయన అన్నది ఆ తర్వాత. పాదం నుంచి కబురు వెన్నుపాములోకి చేరగానే, మెదడును అడగకుండా, కాలు ముడుచుకోమన్న ఆజ్ఞ అక్కడి నుంచే వెళ్లిపోయింది. నొప్పి సంగతి మెదడుకు అందేసరికి కాలు తప్పుకుంది. అసంకల్పిత ప్రతీకార చర్య అని బళ్లో బట్టీపట్టింది ఇదే. ఆయన పేడు పీకి పారేసి మళ్లీ తాడు అందుకున్నాడు.

ఇప్పుడు లాగే బలం గమనించండి. గట్టిగా లాగితే నాడె అవతల తగిలి వెనక్కి తుళ్లుతుంది, మెల్లగా లాగితే మధ్యలోనే ఆగిపోతుంది. ఆ కొలత చూసుకునేది తల వెనక, పిడికిలిలో పట్టేంత ఉన్న చిన్నమెదడు. బరువులో మెదడు మొత్తానికి పదో వంతే. మెదడులో ఉన్న దాదాపు 8,600 కోట్ల నాడీకణాల్లో మాత్రం నూటికి ఎనభై దాకా అందులోనే ఉన్నాయి. కండరాలకు పంపిన ఆజ్ఞకు నకలు ఒకటి దానికీ అందుతుంది. కండరాల నుంచి, కీళ్ల నుంచి తిరిగొచ్చిన సమాచారాన్ని దానితో పోల్చి, తేడా ఉంటే మరుసటి లాగుడు సరిచేస్తుంది. ఆయనకు తెలియకుండానే, రోజంతా, ప్రతి పేకకూ.

పక్క మగ్గంలో కోడలు ఉంది. నేత ఎరగని ఇంటి నుంచి వచ్చింది, ఈమధ్యే మగ్గంలో దిగింది. పెదవులు కదుపుతూ లెక్క పెట్టుకుంటోంది. పలకరించి చూడండి, చేతులు ఆగిపోతాయి. పని ఇంకా ఆమె నుదుటి వెనక మెదడులోనే ఉంది. ఒక్కో అడుగూ గుర్తు తెచ్చుకుని, ఆలోచించి వేయాలి. నెలలు గడిచేకొద్దీ ఆ భారం మెదడు లోతుల్లో అలవాట్లను నడిపే కణాల గుంపులకూ చిన్నమెదడుకూ మళ్లుతుంది. అప్పుడు ఆమె కూడా మామగారిలా కబుర్లు చెబుతూ నేస్తుంది.

వసారాలోకి రండి. తాత అచ్చు అతుకుతున్నాడు. అయిపోయిన పడుగు పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టడం. బొటనవేలూ చూపుడువేలూ ఒకసారి కదులుతాయి, పోగు అతుక్కుంటుంది. మరొకటి. వేల పోగులున్న పని.

"ఏ ఊరమ్మా?" అని అడిగాడు. చెప్పారు. రెండు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. ఓపిగ్గా మళ్లీ చెప్పండి.

"అన్నం తిన్నదీ గుర్తుండదు మామయ్యకి. పోగు మాత్రం ఒక్కటి తప్పడు" అంటుంది పిన్ని, కండెలు చుడుతూ.

రామనగరు ఊసెత్తితే మాత్రం తాత కళ్లు వెలుగుతాయి. 1921లో పురపాలక పన్నులకు ఎదురుతిరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి బయట నెలల తరబడి పాకల్లో ఉన్నారు, ఆ పాకల ఊరే రామనగరు. తన తండ్రిని చంకనెత్తుకుని నానమ్మ నడిచిందని చిన్నప్పుడు విన్న కథ ఆయన గడగడా చెబుతాడు. పొద్దున ఎవరొచ్చారో చెప్పలేడు.

కణతల లోపల ఇరుపక్కలా హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంది. కొత్త సంగతిని దాచిపెట్టాలంటే అది కావాలి. తాతకు వచ్చిన మతిమరుపు వ్యాధి దాన్నే ముందు దెబ్బతీసింది. ఏళ్ల నాటి కథలు పెద్దమెదడు పైపొరలో ఎప్పుడో పాతుకుపోయాయి, వేళ్ల నేర్పు వేరే దారిలో నిలిచింది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఇరువైపులా ఈ భాగం చాలావరకు తీసేశారు. తర్వాత ఆయనకు కొత్త సంగతేదీ నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త, అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీయమని ఆయనకు వరుసగా కొన్ని రోజులు చెప్పింది. ఎప్పుడూ గీయలేదే అనేవాడు, చెయ్యి మాత్రం రోజురోజుకూ మెరుగైంది. నేర్పుకు వేరే ఇల్లుందని వైద్యలోకానికి అప్పుడు రుజువైంది. పిన్నికి ఆ పేర్లేవీ తెలియవు. మామగారికి అచ్చు ఇచ్చి కూర్చోబెడితే నెమ్మదిగా ఉంటాడని ఆమె తనంతట తాను కనిపెట్టింది. మంచి వైద్యుడూ ఇంతకంటే మంచి సలహా ఇవ్వడు.

బాబాయ్ లేచాడు. గుంట అంచు పట్టుకుని, ఆగి ఆగి. ఎడమ పాదం తిమ్మిరిగా ఉందని అరికాలు రుద్దుకుంటున్నాడు. వెన్నుపాము అరగజం దాకా ఉంటుంది, నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నాడుల మొదళ్లే దిగుతాయి. ఏళ్ల తరబడి వంగి కూర్చుంటే వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ల పక్కకు ఉబ్బి ఆ మొదళ్లను నొక్కవచ్చు. నొక్కేది నడుం దగ్గర, తిమ్మిరి పాదంలో.

"పడుకుంటే తగ్గుద్దిలే" అంటున్నాడు.

తగ్గితే సరే. తిమ్మిరి వారాల తరబడి ఉన్నా, పాదం ఈడ్చినట్టున్నా వైద్యుడికి చూపించాలి. కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పినా మగ్గం అక్కడే వదిలి ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. పిన్నికి కూడా ఇది చెప్పండి, ఆయన వాయిదా వేస్తాడు.