హెచ్‌ఐవీ ఉన్నవారి ఎక్స్‌రేలో మచ్చ.. ప్రతిసారీ టీబీయేనా?

హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తికి దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చ ఉంటే మన దగ్గర డాక్టర్లు ముందు అనుమానించేది టీబీనే. అది సబబే. కానీ కఫం పరీక్షలో టీబీ తేలకుండానే మందులు మొదలై, వారాలు గడిచినా జ్వరం తగ్గకపోతే? అప్పుడు లింఫ్ కణాల జబ్బులనూ చూడాలి.

వీటిలో ఒకటి ఎల్‌ఐపీ, అంటే లింఫోసైటిక్ ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా. పిల్లల్లో ఎక్కువ, పెద్దల్లో అరుదు. సీటీ స్కాన్‌లో ఆవిరి పట్టిన అద్దంలా మసక, సన్నటి చుక్కలు, పలుచటి గోడలున్న గాలి తిత్తులు కనిపిస్తాయి. ఇది క్యాన్సర్ కాదు, ఏఆర్‌టీ మందులతో మెరుగుపడే అవకాశం ఉంది.

లింఫోమా మాత్రం క్యాన్సరే. ఊపిరితిత్తుల్లో గుండ్రటి గడ్డలు, ఛాతీ మధ్యలో ఉబ్బిన గ్రంథులు, ఊపిరితిత్తి చుట్టూ నీరు దీని గుర్తులు. చిక్కల్లా ఇక్కడే, టీబీలోనూ ఇవే ఉంటాయి! రంగు మందు ఎక్కించి తీసిన సీటీలో గ్రంథి మధ్య భాగం నల్లగా, అంచు తెల్లగా కనిపిస్తే టీబీ వైపు మొగ్గుతారు. అయినా అది అనుమానమే, నిర్ధారణ కాదు. ఖరీదైన పెట్ స్కాన్‌లో కూడా రెండూ వెలుగుతాయి. పైగా ఏఆర్‌టీ మొదలుపెట్టిన కొత్తలో రోగనిరోధక శక్తి పుంజుకుని, లోపల దాగిన టీబీ వల్ల గ్రంథులు ఒక్కసారిగా ఉబ్బవచ్చు.

అందుకే తేల్చేది బయాప్సీ. స్కాన్ ఎక్కడ సూది వేయాలో చూపిస్తుంది, తీసిన ముక్క జబ్బు పేరు చెబుతుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరుంటే దాన్నీ పరీక్షకు పంపుతారు. 'బయాప్సీ అవసరమా?' అని డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడొద్దు. అంతవరకు టీబీ మందులు సొంతంగా ఆపొద్దు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు పాత ఫిల్ములు, తాజా సీడీ4 రిపోర్టు, ఏఆర్‌టీ మొదలైన తేదీ దగ్గర ఉంచుకోండి. చాలామంది రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తారు. మచ్చ పెరిగిందా, తగ్గిందా అన్నది పాత ఫిల్ము పక్కన పెడితేనే తెలుస్తుంది. సీడీ4 సంఖ్యను బట్టి కూడా డాక్టర్ అనుమానించే జబ్బులు మారతాయి.

హెచ్‌ఐవీ సంగతి స్కాన్ సెంటర్‌లో చెప్పాలంటే భయమా? 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ కారణంతో వైద్యం నిరాకరించకూడదు. సందేహాలకు టోల్ ఫ్రీ నంబర్ 1097.