రైటు సోదరుల విమానము



అమెరికాదేశమున ఉద్యోగములు చేయుచున్న బిడ్డలను చూచి వచ్చుటకై మన పల్లెలనుండి తలిదండ్రులు పోవుట నేడు అరుదు కాదు. అట్లు పోయినవారిని వాషింగ్టను నగరమునందలి జాతీయ విమాన ప్రదర్శనశాలకు మనుమలు తోడ్కొని పోవుదురు. అచ్చట కఱ్ఱబద్దలకు నూలుగుడ్డ కప్పిన పాత విమానమొకటి కలదు. పిల్లలు దానిని క్షణకాలము చూచి, చంద్రునికడకు పోయి వచ్చిన వాహనమువైపు పరుగెత్తుదురు. వారిని వెనుకకు పిలిచి చెప్పదగిన కథ యొకటి యున్నది.

1878లో మిల్టను రైటు అను క్రైస్తవ మతాచార్యుడు తన కుమారులకు ఒక ఆటబొమ్మ తెచ్చి యిచ్చెను. బెండు, వెదురు, కాగితములతో చేసిన యా బొమ్మ, రబ్బరుపట్టీని మెలిపెట్టి విడిచినచో పైకెగురును. అప్పటికి విల్బరునకు 11 ఏండ్లు, ఆర్విల్లునకు 7 ఏండ్లు. బొమ్మ విఱిగిపోగా, అట్టివానిని ఆ బాలురు తామే చేసికొనిరి.

పెరిగి పెద్దవారై వారు డేటను పట్టణమున సైకిళ్ళ అంగడి పెట్టిరి. వారికి కళాశాల చదువు లేదు. 1901లో గాలి వీచు గొట్టమును నిర్మించి, సుమారు 200 రెక్కల నమూనాలను అందులో పరీక్షించిరి. 1903 డిసెంబరు 17న కిట్టిహాక్ చేరువ ఇసుకనేలపై ఆర్విల్లు 12 సెకనుల కాలము, 120 అడుగుల దూరము ఎగిరెను. ఆనాటి నాలుగవ ప్రయత్నమున విల్బరు 59 సెకనులలో 852 అడుగులు పోయెను. పిమ్మట పెనుగాలికి విమానము దొర్లి విఱిగెను. మఱి యెన్నడును అది యెగురలేదు.

దీనికి తొమ్మిది దినములకు ముందే స్మిత్‌సోనియను సంస్థ కార్యదర్శియైన లాంగ్లీ పండితుని విమానము పోటోమాక్ నదిలో కూలియుండెను. 1914లో, రైటు సోదరులతో పేటెంటు వ్యాజ్యము గల గ్లెన్ కర్టిస్ అనునతడు ఆ విమానమునకు పెక్కు మార్పులు చేసి, కొంత దూరము ఎగురవేసెను. సంస్థవారు ఆ మార్పుల మాట చెప్పక, మనుష్యుని మోసికొని యెగురగల మొదటి విమానమిదియే యని ఫలకము వ్రాసి ప్రదర్శించిరి.

విల్బరు 1912లోనే మరణించెను. ఆర్విల్లు వాదించి వాదించి విసిగి, 1928లో తమ విమానమును లండను సైన్సు మ్యూజియమునకు పంపివేసెను. స్వదేశపు కీర్తి పరదేశమున నుండుట అమెరికనులకు తలవంపులాయెను. తుదకు 1942లో సంస్థవారు తాము చేసిన పొరపాటును ఒప్పుకొని, కర్టిస్ చేసిన మార్పులను అచ్చువేసి ప్రకటించిరి. ఆర్విల్లు 1948 జనవరిలో కన్నుమూసెను. ఆ యేడే డిసెంబరు 17న, తొలి పయనమునకు సరిగా 45 ఏండ్లు నిండిననాడు, విమానము స్వదేశపు ప్రదర్శనశాలలో నిలిచెను. ఆ దినమును చూచుటకు సోదరులిద్దఱును లేరు.

చెఱువు త్రవ్వించిన దొకరు, శిలాఫలకముపై పేరు మఱియొకరిది యైనచో ఊరిలో ఎట్టి తగవు పుట్టునో పెద్దలెఱుగుదురు. చక్కని అక్షరములతో చెక్కినంతమాత్రమున అబద్ధము నిజము కానేరదు. దానిని దిద్దుటకు మాత్రము ఒక తరము పట్టవచ్చును. కావున పిల్లలకు విమానమును చూపునపుడు దాని ప్రక్కనున్న ఫలకమును గూడ చదివింపుడు. ఇది వ్రాసినవారెవరు, వారి కెట్లు తెలిసెను అని అడుగుట నేర్పుడు.