ఆయిల్ సీలు పుట్టిల్లు బావిగట్టే

కోలారు జిల్లాలో మల్బరీ తోటల వరసల మధ్య, టమాటా మళ్లలో తిరిగే పవర్ టిల్లర్‌కు గేరుబాక్సు దగ్గర నూనె కారడం మొదలైతే రైతు దాన్ని బండికెక్కించి బెంగళూరు తీసుకుపోడు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట రోడ్ల పక్కనున్న షెడ్లలోనే ఆ పని అయిపోతుంది. ఇంత మారుమూల ఇంత పనితనం ఎలా వచ్చిందని అడిగితే చాలామంది బంగారు గనుల పేరే చెబుతారు. 1880 నుంచి 2001 దాకా కోలారు గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.)లో యంత్రాలు తిరిగాయి, అక్కడ నేర్చినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లకు విద్య పంచారు అన్నది ఆ నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. కానీ నూనె కారకుండా, నీళ్లు చొరకుండా కట్టడి చేసే ఈ పనికి అసలు మూలం గనిలో కంటే బావిగట్టున, ఇనుములో కంటే తోలులో ఉందని నా అభిప్రాయం. గనుల చరిత్రకు ఇచ్చిన గౌరవం ముందు తోలు పనివాళ్లకు దక్కాల్సింది అసలు దక్కలేదని కూడా అనుకుంటున్నాను.

ముందు ఆ వస్తువేమిటో, అది చేసే పనేమిటో చూడాలి. ఆయిల్ సీలు అంటే ఒక ఇనుప కడియం, దాని లోపలి అంచుకు అతికిన రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టు మీద అదిమి ఉంచే సన్నటి చుట్టు స్ప్రింగు. లోపల షాఫ్టు తిరుగుతుంది, బయట పెట్టె కదలదు. ఆ రెండింటి మధ్య సందును పెదవి మూస్తుంది. పూర్తిగా మూస్తే పనికిరాదు. పెదవి కింద కంటికి కనపడనంత పలచటి నూనె పొర నిలవాలి. ఆ పొర లేకపోతే రబ్బరు మాడి గట్టిపడుతుంది, పొర మందమైతే కారుతుంది. అందుకే కారుతున్న సీలును తీసి కొత్తది కొట్టినంత మాత్రాన మరమ్మతు పూర్తయినట్టు కాదు. తెలిసిన మెకానిక్కు పాత సీలు పీకగానే షాఫ్టు తుడిచి, పెదవి ఆనిన చోట గోరు అడ్డంగా రాసి చూస్తాడు. గోరు తగులుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట. ఆ గాడిలో ఎంత మంచి సీలైనా నాలుగు రోజులే. అప్పుడు సీలును కాస్త లోపలికో బయటికో జరిపి, అరగని చోట పెదవి ఆనేలా కూర్చోబెడతాడు. తర్వాత షాఫ్టును పైకీ కిందికీ ఊపి చూస్తాడు. ఆట ఉంటే తప్పు బేరింగుది. గేరుబాక్సు గాలి పీల్చే చిన్న రంధ్రం మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూస్తాడు. అది మూసుకుంటే వేడెక్కిన గాలికి దారి దొరక్క, నూనెను సీలు మీదికే నెడుతుంది. స్ప్రింగున్న వైపు నూనెకు ఎదురుగా ఉండాలి. బిగించేముందు పెదవికి నూనె రాయాలి. సరైన కొలత ఉన్న పైపు ముక్క పెట్టి చుట్టూ సమంగా తట్టాలి. ఒక పక్కకు ఒరిగిందా, మళ్లీ మొదటికే. మడిలో తిరిగే టిల్లర్‌కు ఇంకో చిక్కు ఉంది. నూనె బయటికి రావడం కంటే బురదనీళ్లు లోపలికి పోవడం ప్రమాదం. గేరు నూనె పాలరంగుకు మారితే నష్టం అప్పటికే మొదలైనట్టు.

ఈ పెదవి మొదట రబ్బరు కాదు. జర్మనీలో వైన్‌హైమ్ అనే ఊళ్లో 1849లో మొదలైన ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ తోళ్లు ఊనే కంపెనీ. 1929 నాటి ఆర్థిక మాంద్యంలో తోలు ఎగుమతులు కూలిపోతే, చేతిలో ఉన్న తోలుతో మోటారు బళ్లకు కావలసిన సీళ్లు చేయడానికి పూనుకుంది. వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు ఆలోచనతో 1930ల మొదట్లో తోలు పెదవి, ఇనుప కడియం కలిసిన సీలు బజారుకొచ్చింది. 1936లో తోలు స్థానంలో కృత్రిమ రబ్బరు ప్రవేశించింది. ఈ రోజు బంగారుపేట దుకాణంలో దొరికే నైట్రైల్ రబ్బరు సీలు ఆ వంశానిదే. యంత్రాలు చేసేవాళ్ల కంటే ముందు ఈ సమస్యను పట్టుకున్నది తోలు ఊనేవాళ్లే కావడం యాదృచ్ఛికం కాదు. నీళ్లలో నానుతూ, నూనె తాగుతూ, కదిలేదాన్ని అంటిపెట్టుకుని ఉండటంలో రబ్బరు రాకముందు తోలుకు సాటి వచ్చే పదార్థం దాదాపు లేదు.

కోలారు సంగతి ఇక్కడే మొదలవుతుంది. నిత్యం పారే నది లేని జిల్లా ఇది. పాలారు ఈ సీమ మీదుగా తమిళనాడుకు పోతుంది గానీ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసకే. చెరువులు, బావులే వ్యవసాయానికి ఆధారం. కరెంటు పంపులు రాకముందు బావి నుంచి నీళ్లు తోడింది కపిల. జోడెడ్లు వాలు దారిలో దిగుతుంటే మోకు గిలక మీదుగా బానను పైకి లాగుతుంది. ఆ బానకు అడుగున తోలు తొండం ఉంటుంది. పైకి వచ్చేదాకా తొండం మడిచి ఉండి నీళ్లను ఆపాలి, గట్టుకు చేరగానే చాచుకుని వాటిని కాలవలోకి వదలాలి. బాన మొత్తం తోలుతో ఉన్న రోజుల్లో కుట్టు గట్టిగా ఉంటే చాలు. ఇనుప బాన వచ్చాక పని కష్టమైంది. కదలని ఇనుము అంచుకు, ప్రతి బానకూ మడతపడి సాగే తోలును నీరు కారకుండా బిగించాలి. గట్టి అంచు, మెత్తటి తోలు, ఆ రెండూ కలిసే చోట ఒత్తిడి: ఈ మూడింటి లెక్కే తర్వాత ఆయిల్ సీలులో కనిపిస్తుంది. అక్కడ షాఫ్టు తిరుగుతుంది, ఇక్కడ తొండం ముడుచుకుంటుంది, అంతే తేడా.

ఈ లెక్క తెలిసినవాళ్లు మాదిగలు. తంగేడు చెక్కతో తోలు ఊనడం, ఏ పశువు తోలు ఏ భాగం తొండానికి ఆగుతుందో ఎంచడం, నూనె పట్టించి మెత్తబరచడం, ఎండి పగిలేలోగా అతుకు వేయడం వాళ్ల పని. ఊరి రైతులు దానికి పంటలో మేర ఇచ్చేవారు. అంటే బాగుచేసినప్పుడల్లా కూలి కాదు, ఏడాది పొడుగునా కపిల నడిచే పూచీకి ధాన్యం. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది నిర్వహణ ఒప్పందం. ఊరు తన నీటినే వాళ్ల చేతుల్లో పెట్టి, వాళ్లను మాత్రం బావి ముట్టనివ్వలేదు. ఈ అన్యాయాన్ని పక్కన పెట్టి ఆ పనితనాన్ని గురించి మాట్లాడటం కుదరదు. ఎందుకంటే ఆ విద్య పుస్తకాల్లోకి ఎక్కకపోవడానికి కారణం అదే.

ఒక్కడు మాత్రం దాన్ని గమనించాడు. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ఇంజనీరింగు ఆచార్యుడు. 1903 ప్రాంతంలో క్రోము పద్ధతిలో తోలు ఊనే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన ముఖ్యంగా మనసులో పెట్టుకున్నది చెప్పులు కాదు, ఈ నీటి బానలే. చెక్కతో ఊనిన తోలు నీళ్లలో నాని త్వరగా చీకిపోతుంది, క్రోము తోలు ఎక్కువకాలం నిలుస్తుంది. బావి మీద నీళ్లు తోడటానికి ఆయిల్ ఇంజన్లు, పంపులు పెట్టించాలని అదే కాలంలో ప్రచారం చేసిందీ ఆయనే. 1912లో మైసూరు సంస్థానానికి వచ్చి పరిశ్రమల శాఖ డైరెక్టరయ్యాడు. తొండానికి గట్టి తోలు వెతికినవాడు, తొండం అవసరమే లేకుండా చేసే ఇంజనును తెచ్చినవాడు ఒక్కడే కావడం నాకు చాలా అర్థవంతంగా కనిపిస్తుంది. బావిగట్టున కపిల పోయి ఇంజను వచ్చింది. నీటిని ఆపే చిక్కు మాత్రం పోలేదు; తొండం నుంచి పంపులోని తోలు వాషరుకు, అక్కడి నుంచి షాఫ్టు సీలుకు మారింది.

గనుల పక్షాన చెప్పేవాళ్ల మాట ఇప్పుడు వినాలి. 1902లో శివసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద కె.జి.ఎఫ్.కు విద్యుత్తు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. అంత లోతుకు మనుషుల్ని దించే వైండింగు యంత్రాలు, కంప్రెషర్లు, పంపులు అక్కడ దగ్గర దగ్గరగా ఉండేవి. వాటిని నడిపినవాళ్లకు సీళ్లు తెలియవా? తెలుసు. కానీ ఆ తరం పంపుల్లో వాడింది ప్రధానంగా గ్లాండు ప్యాకింగు: నార తాడును కొవ్వులో నానబెట్టి షాఫ్టు చుట్టూ కూరి, పైనుంచి నట్లు బిగించడం. అది కొద్దిగా కారుతూ ఉండాలి, లేకపోతే వేడెక్కుతుంది. పక్కనే మనిషి నిలబడి, అప్పుడప్పుడూ బిగిస్తూ ఉండాలి. జీతగాళ్లు, స్టోరు, షిఫ్టులు ఉన్నచోట ఆ పద్ధతి బాగా నడుస్తుంది. మడిలో ఒక్కడే టిల్లర్ తోలుకునే రైతుకు అది ఎందుకూ కొరగాదు. రెండో సంగతి, ఆ ప్రపంచం చుట్టుపక్కల ఊళ్లకు తలుపులు తెరిచిన ప్రపంచం కాదు. జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపిన గనుల్లో పై అధికారులు ఇంగ్లండు, కార్న్‌వాల్ నుంచి వచ్చారు. కార్మికుల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు, చిత్తూరు వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు ఉన్నది కంపెనీ లైన్లలో. బంగారం దొంగతనం భయంతో సోదాలు, పహరాలు ఎప్పుడూ ఉండేవి. వేలిముద్రల నమోదుకు ఎదురుతిరిగి కార్మికులు 1930లో సమ్మె కట్టారు. అలాంటి కంచె దాటి విద్య ఊళ్లకు ధారగా పారిందని నమ్మడం కష్టం.

అయినా ఒక విషయం గనులవాళ్లకు వదిలిపెట్టక తప్పదు. గాడిపడిన షాఫ్టును వెల్డింగుతో నింపి లేతు మీద మళ్లీ కొలతకు తేవడం తోలు పని నుంచి రాలేదు. అది యంత్రశాల విద్యే. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ కె.జి.ఎఫ్.లో తన కర్మాగారం పెట్టి డోజర్లు తయారుచేశాక అది ఇంకా పెరిగింది. డోజరు చక్రాల దగ్గర వాడే సీలులో పెదవే ఉండదు. నునుపు చేసిన రెండు ఇనుప కడియాలు ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయి, వాటిని అదిమి ఉంచేవి రబ్బరు చుట్లు. రాయి, ఇసక మధ్య పని చేసే యంత్రానికి మెత్తటి పెదవి ఆగదు కాబట్టి అలా చేశారు. అక్కడ పనిచేసినవాళ్లు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక బయటపడ్డవాళ్లు కొందరు షెడ్లు పెట్టుకోవడం సహజమే. నేను కాదంటున్నది వాళ్ల పాత్రను కాదు, వాళ్లతోనే ఈ కథ మొదలైందన్న మాటను.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. తొండం కుట్టిన మాదిగ కుటుంబాల నుంచే మెకానిక్కులు వచ్చారా? వచ్చారని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఆ మాట నేను అనడమూ లేదు. ఇంజను వచ్చాక మేర ఆగిపోయింది, తోలు పనికి గిరాకీ పోయింది, పనిముట్లు కొనే డబ్బు వేరేవాళ్ల చేతుల్లో ఉంది. వంశం తెగిపోయింది. కానీ ఒక వృత్తి చరిత్రంటే వంశావళి ఒక్కటే కాదు. పదార్థం ఎక్కడి నుంచి వచ్చింది, పని ఏ అవసరం కోసం పుట్టింది, బాగుచేయించుకునేవాడు ఏమి ఆశించాడు అన్నవి కూడా చరిత్రే. మూడింటికీ సమాధానం బావి దగ్గరే దొరుకుతుంది. 1970ల చివర్లో ఊరూరా వెలిసిన ఇండియా మార్క్ 2 చేతి పంపును చూడండి. అందులో నీటిని పైకి లాగే వాషర్లు మొదట తోలువే, తర్వాత నైట్రైల్ రబ్బరువి వచ్చాయి. ఆయిల్ సీలు 1930లలో జర్మనీలో వేసిన అడుగునే అది అర్ధశతాబ్దం తర్వాత మన ఊళ్లలో వేసింది, గనికీ దానికీ ఏ సంబంధమూ లేకుండా. 1967లో బెంగళూరులో మొదలైన వి.ఎస్.టి. సంస్థ మిత్సుబిషి సహకారంతో టిల్లర్లు తయారుచేసి ఈ పొలాలకు చేర్చేసరికి, తొండం కారితే అదే రోజు అతుకు వేయించుకోవడం అలవాటైన రైతు ఇక్కడ ఉన్నాడు. గేరుబాక్సు కారినా కంపెనీ మనిషి కోసం ఎదురు చూడకుండా ఊళ్లోనే, ఆ పూటకే బాగవ్వాలని అడిగింది ఆ రైతే. రోడ్డు పక్క షెడ్లు పుట్టింది ఆ గిరాకీకి.