కాలువ ఆపకుండా

అమలాపురం నుంచి రాజోలు వైపు పి.గన్నవరం మీదుగా వెళ్లేవాళ్లకు అక్విడక్టు కొత్త కాదు. కింద వైనతేయ, పైన కాలువ. బొబ్బర్లంక దగ్గర గోదావరిని వదిలిన నీరు ఇక్కడ గోదావరి పాయనే దాటుకుని అవతలి పొలాలకు పోతుంది. కాటన్ దొర కాలం నాటి పాత అక్విడక్టు పక్కనే, డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది నిలబడి ఉంది. కొత్తది లేచేదాకా అవతలి చేలకు నీళ్లు మోసింది పాతదే.

జెమ్5 కథ చదివినప్పుడల్లా నాకు ఈ జంటే గుర్తొస్తుంది. జెమ్5 అంటే లేని కంప్యూటర్‌ను ఉన్నట్టుగా నడిపించే ప్రోగ్రాం. చిప్పు తయారయ్యాక తప్పు బయటపడితే కోట్లు పోసి మళ్లీ మొదటికి రావాలి. అందుకే ప్రాసెసర్ ఇలా ఉంటే, క్యాష్ ఇంత పెడితే ఏమవుతుందో ముందే సాఫ్ట్‌వేర్‌లో కట్టి చూస్తారు. జెమ్5 లెక్కలో కాలానికి మామూలు కొలత ఒక పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అలాగని ప్రతి పికోసెకనూ కాపలా కాయదు. తర్వాత జరగాల్సిన పని ఏ క్షణానికి రాసి ఉందో చూసి, నేరుగా అక్కడికే దూకుతుంది.

అయినా నత్తనడకే. అసలు ప్రాసెసర్ సెకనులో 300 కోట్ల ఆదేశాలు పూర్తి చేస్తుందనుకుందాం. వివరంగా నడిపే సిమ్యులేటర్ సెకనుకు లక్ష ఆదేశాలు లాగిందంటే, ఆ ఒక్క సెకను పనికి 30,000 సెకన్లు కావాలి. ఎనిమిది గంటల పైమాటే. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే తెల్లారి లేచేసరికి ఒక సెకను గడిచి ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే? అక్కడిదాకా జరిగింది దాచుకుని మళ్లీ అక్కణ్ణుంచే మొదలుపెట్టే వీలు అందులో ఉంది, కాకపోతే దాచమని ముందే చెప్పి ఉండాలి. తుపానుల సీమలో ఉండేవాళ్లకు ఇది చిన్న సంగతేమీ కాదు.

ఈ పరికరానికి పుట్టిళ్లు రెండు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ రైన్‌హార్ట్, నేథన్ బింకర్ట్ బృందం తయారుచేసింది ఎం5. నెట్‌వర్కుతో కలిసిన మొత్తం కంప్యూటర్‌ను, ఆపరేటింగ్ సిస్టంతో సహా నడపడం దాని బలం. విస్కాన్సిన్‌లో మార్క్ హిల్, డేవిడ్ వుడ్‌ల బృందం 2005లో లోకానికి పరిచయం చేసింది జెమ్స్. దాని బలం మెమరీ.

మెమరీలో అంత కష్టం ఏముందంటారా? అంబాజీపేట మార్కెట్లో నలుగురు వ్యాపారులు కొబ్బరికాయ ధర ఎవరి పలక మీద వాళ్లు రాసుకున్నారనుకోండి. ఒకాయన ధర మార్చాడు. మిగతా ముగ్గురి పలకల మీదా పాత అంకె చెరిగేదాకా బేరం సాగకూడదు. చాలా కోర్లున్న ప్రాసెసర్‌లో ఒక్కో కోరుకూ ఒక్కో పలక ఉంటుంది, దాని పేరే క్యాష్. ఎవరు ఎవరికి కబురు పంపాలి, రెండు కబుర్లు దారిలో ఎదురుపడితే ఎవరి మాట చెల్లాలి అన్నది తేల్చడమే తలనొప్పి. జెమ్స్‌లో రూబీ అనే భాగం ఈ కబుర్ల వ్యవహారం మొత్తాన్ని పూసగుచ్చినట్టు నడిపేది. కానీ ప్రోగ్రాములను నడిపించడానికి జెమ్స్ సిమిక్స్ అనే వాణిజ్య సిమ్యులేటర్ మీద ఆధారపడింది. సొంత పొలం ఉండి, నీళ్లు మాత్రం పక్కవాడి బోరు నుంచి తెచ్చుకున్నట్టు.

ఒకరి దగ్గర నడిపే యంత్రం, ఇంకొకరి దగ్గర మెమరీ. రెంటినీ కలిపారు. జెమ్స్ పేరులో చివరి సకారం పోగా మిగిలిన మకారం, ఎం5లో మొదట ఉన్న మకారం ఒకదాని మీద ఒకటి పడి జెమ్5 అయింది. మన వ్యాకరణంలో దీనికి ఏ సంధి వర్తిస్తుందో తెలుగు మాస్టారే చెప్పాలి. 2011లో పరిచయ వ్యాసం వచ్చింది. ఏఎండీ, ఆర్మ్, హెచ్‌పీ, మిప్స్ వంటి సంస్థలూ, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, టెక్సస్ వంటి విద్యాసంస్థలూ ఇందులో చేయి వేశాయి. బీఎస్‌డీ లైసెన్సు కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

మామూలుగా ఆవిష్కరణ కథలు ఇక్కడితో ఆగిపోతాయి. నాకు రుచించేది ఆ తర్వాతి తొమ్మిదేళ్లు. కోడ్ రోజూ పెరుగుతూనే ఉంది గానీ, ఇదిగో ఇది ఫలానా వెర్షన్ అని వేలు పెట్టి చూపించే పద్ధతి కుదరలేదు. ఎవరికి ఏ రోజు దొరికిన నకలు ఆ రోజు దింపుకుని, తమకు కావలసినట్టు మార్చుకుని, దాంతోనే పరిశోధన పత్రాలు రాశారు. మరొకరు అదే ప్రయోగం చేస్తే అదే అంకె రావాలిగా? ఏ రోజు నకలో తెలియకపోతే ఎక్కడ వస్తుంది? పరీక్ష పెట్టాల్సిన తూకపు రాయే ఊరికో బరువు తూగినట్టు.

దీన్ని దారిలో పెట్టే పనిలో ముందుండి నడిచినవాడు జేసన్ లో-పవర్. విస్కాన్సిన్‌లో హిల్, వుడ్‌ల దగ్గరే చదువుకుని, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆచార్యుడయ్యాడు. 2020లో జెమ్5కు వరస వెర్షన్లు మొదలయ్యాయి. ఆ ఏడాది మే నెలలో 20.0 వచ్చింది. అంకెలో ముందుండేది సంవత్సరమే, మన పంచాంగంలా. అప్పటికి 250 మందికి పైగా రాసిన 7,500 పైచిలుకు మార్పులు అందులో పోగుపడి ఉన్నాయి.

పద్ధతి చూస్తే మన అక్విడక్టు కథే. కోడ్‌కు రెండు పాయలు. ఒకటి నిలకడది, వాడేవాళ్లందరికీ అదే. రెండోది రోజువారీ పని సాగేది. విడుదల దగ్గర పడగానే రెండోదాంట్లోంచి ఓ నకలు తీసి పక్కన పెడతారు. ఇక దాంట్లో కొత్త హంగులు చేరవు, తప్పులు దిద్దడమే. లైనక్స్ బూట్ అవుతుందా, పాత ప్రోగ్రాములు నడుస్తున్నాయా అని పరీక్షలు పెడతారు. అన్నీ తేలాకే దాన్ని నిలకడ పాయలో కలుపుతారు. ఈలోగా వాడేవాళ్లకు పాతదాంట్లో నీళ్లు పారుతూనే ఉంటాయి. తర్వాత పైథాన్ 2ను వదిలేశారు, ఆల్ఫా ప్రాసెసర్ కుటుంబానికి వీడ్కోలు చెప్పారు. రిస్క్-ఫైవ్ అనే మరో కుటుంబం అప్పటికే వచ్చి చేరింది. వదిలేయడం కూడా విడుదలలో భాగమే, పైగా అదే కష్టం. ఎక్కడో ఒకరి పరిశోధన దాని మీదే నిలబడి ఉంటుంది మరి.

తెలుగులో మనం పుస్తకం బయటికి తెచ్చినా, కొత్త యంత్రం కనిపెట్టినా ఒకే మాట అంటాం, ఆవిష్కరణ అని. ఆ మాట ఇంత సరిగ్గా అతికిన చోటు నాకు మరొకటి కనబడలేదు. జెమ్5 విషయంలో 2011లో జరిగింది ఒక ఆవిష్కరణ, 2020లో జరిగింది ఇంకొకటి. రెండోదానికి చప్పట్లు తక్కువ.

ఇప్పుడు కోనసీమలో ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరైనా సరే దీన్ని ఉచితంగా దింపుకోవచ్చు. కోడ్ కంపైలవడానికి మామూలు లాప్‌టాప్‌లో చాలాసేపే పడుతుంది, ఈలోగా కాలువ గట్టు దాకా నడిచి రావచ్చు. మొదటి ప్రయోగంగా ఓ చిన్న ప్రోగ్రాం నడిపిస్తే, లేని ప్రాసెసర్ 'హలో వరల్డ్' అని పలుకుతుంది. పక్కన ఓ ఫోల్డర్ పుడుతుంది, లెక్కలన్నీ అందులోనే. దాని పేరు మాత్రం ఇప్పటికీ 'ఎం5అవుట్'.