ఊరొకటి, పేరొకటి

మెత్తని పొడవాటి రొట్టెను చీల్చి, నడుమ వేడి సాసేజి నిమిడ్చి అమెరికా వీథులలో అమ్ముడు ‘హాట్ డాగ్’ అను తినుబండారమునకు ప్రాంతమునకొక రూపమును, రూపమునకొక నామమును కలవు. కాని ఆ నామములను నమ్మి దాని జన్మస్థానమును వెదుకబోవువాడు తరచుగా వేఱొక యూరు చేరును.

ఈ చిక్కు సాసేజితోనే ఆరంభమైనది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వృత్తి నేర్చిన యోహాన్ గియోర్గ్ లానర్ అను కసాయి వియన్నాకు వలసపోయి, 1805లో అచట గోమాంసమును పందిమాంసమును కలిపి సాసేజి చేసి యమ్మగా, వియన్నావారు దానిని నేటికిని ఫ్రాంక్‌ఫర్టర్ అనియే పిలుతురు. జర్మనీలో అట్టి సరకునే వియన్నా పేర వీనర్ అందురు. వలసదారుల వెంట ఈ రెండు పేర్లును సముద్రము దాటినవి. ఇక ‘డాగ్’ అనుట, సాసేజిలో కుక్కమాంసము కలదేమో యను పరిహాసమునుండి వచ్చినది. 1900 తరువాత ఒక వ్యంగ్యచిత్రకారుడు దీనిని కల్పించెనను కథ ప్రచారమున నున్నను, 1895లోనే యేల్ విద్యార్థుల పత్రికలో ఈ మాట అచ్చుపడియుండుటచే ఆ కథ నిలువదు.

న్యూయార్కు సముద్రతీరమున కోనీ ఐలండ్ అను విహారస్థలము కలదు. అచట నేథన్ హాండ్‌వెర్కర్ 1916లో అంగడి తెఱచి, పెద్ద భోజనశాలవారు పది సెంట్లకమ్ము సరకును ఐదు సెంట్లకే యిచ్చి పేరుపడెను. అయినను మసాలా దట్టించిన కైమాయు, ఆవముద్దయు, తఱిగిన నీరుల్లియు పైన వేసిన ‘కోనీ’ మాత్రము ఆ తీరమునకు చెందినది కాదు. మిషిగన్ రాష్ట్రమున గ్రీకు, మాసిడోనియా వలసదారుల చేతిలో అది రూపొందినది. డెట్రాయిట్‌లో కెరోస్ కుటుంబీకుల అంగడి వెలసినది 1917లో. పెరటిచెట్టు మందుకు పనికిరాదని మనవారన్నట్లు, దూరపు విహారస్థలపు పేరున్నగాని సరకునకు గౌరవము రాదని ఆ వర్తకులు తలచిరి కాబోలు! వినోదమేమనగా, న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరాంచలమున నున్న ప్లాట్స్‌బర్గ్‌లో ఇంచుమించు ఇట్టి కైమా హాట్ డాగునే ‘మిషిగన్’ అందురు.

రోడ్ ఐలండ్‌లో ఇట్టిదే ‘న్యూయార్క్ సిస్టమ్’ అయినది. అచటి వంటవాడు రొట్టెలను ముంజేతిపై వరుసగా పేర్చుకొని, ఒక్క ఊపున అన్నింటిని నింపుట చూడదగిన విద్య. న్యూజెర్సీలోని పాటర్సన్‌లో గ్రీకుల హోటళ్లలో వ్యాపించిన ‘టెక్సాస్ వీనర్’కు టెక్సాస్‌తో సంబంధము మృగ్యము.

షికాగోది పేరునకు షికాగోదే యైనను, అందలి సాసేజికి ప్రసిద్ధి తెచ్చిన సంస్థ పేరు మరల వియన్నాయే: 1893 నాటి ప్రపంచప్రదర్శనలో ఆస్ట్రియా-హంగరీనుండి వచ్చిన యిరువురు దానిని అమ్మిరి. గసగసాలు చల్లిన రొట్టె, ఊరవేసిన దోసకాయ, మిరపకాయలు, టమాటా అన్నియు నుండవలె. కెచప్ మాత్రము నిషిద్ధము. టమాటాను ఆదరించి దాని రసమును వెలివేయుట నాకు బోధపడని ఆచారము.

పంది పలుచపొర చుట్టి కాల్చి, చిక్కుడుగింజలతో వడ్డించు ‘సొనోరన్’ ఒక్కటి సత్యసంధము: మెక్సికోలోని సొనోరా రాష్ట్రపు హెర్మొసియోనుండి అది తన పేరుతోనే సరిహద్దు దాటి అరిజోనాలోని టూసాన్ చేరినది.