స్కోన్‌లోంచి గుడ్డు, పాలు, గోధుమ ఎలా వెళ్ళిపోయాయి

ఇక్కడ ఇంగ్లండ్‌లో టీ దుకాణాలకు వెళ్తే చాలా చోట్ల ఒక చిన్న పలక కనిపిస్తుంది: గ్లూటెన్ లేని వీగన్ స్కోన్లు ఉన్నాయి అని. దాన్ని చూసి కొంతమంది నవ్వుతారు. గోధుమ లేదు, వెన్న లేదు, గుడ్డు లేదు, ఇక మిగిలింది ఏమిటి అంటారు. ఇదంతా ఈ కాలం పిల్లల ఫ్యాషన్ అని తేల్చేస్తారు.

నేను ఉండేది బర్మింగ్‌హామ్‌లో. ఈ చరిత్ర చదువుతుంటే నాకు తెలిసింది ఏమిటంటే, ఇది ఫ్యాషన్‌తో మొదలైన కథ కాదు. జబ్బుతో, కరువుతో, యుద్ధంతో మొదలైన కథ. అందులో రెండు పెద్ద మలుపులు మా ఊళ్ళోనే జరిగాయి. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

పెనం మీద పుట్టిన రొట్టె

స్కోన్ పుట్టిల్లు స్కాట్లాండ్. ఈ మాట కనిపించే పాత రాతల్లో ఒకటి 1513 నాటిది. ఆ ఏడు గావిన్ డగ్లస్ అనే కవి, లాటిన్ మహాకవి వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యాన్ని స్కాట్స్ భాషలోకి అనువదించడం పూర్తి చేశాడు. ఆ అనువాదంలో స్కోన్లు ఉన్నాయి. రెండు భాషల మధ్య రోజూ తిరిగే మనలాంటివాళ్ళకు ఇది నచ్చే సంగతి.

ఆ మాటను ఎలా పలకాలో ఇక్కడివాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు. కొందరు స్కాన్ అంటారు, కొందరు స్కోన్ అంటారు. తెలుగులో రాయాలంటే ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. నేను స్కోన్ అని రాస్తున్నాను.

పాత స్కోన్ ఓవెన్‌లో కాలేది కాదు. పొయ్యి మీద ఇనప పెనం పెట్టి, దాని మీద పెద్ద గుండ్రని రొట్టె కాల్చి, నాలుగు ముక్కలు చేసేవాళ్ళు. స్కాట్లాండ్ చలికి, తడికి చాలా చోట్ల గోధుమ సరిగ్గా పండేది కాదు. ఓట్స్, బార్లీ బాగా పండేవి. కాబట్టి పేదవాళ్ళ ఇళ్ళలో రొట్టె అంటే వాటి పిండితోనే. అది పొంగేది కాదు, పల్చగా ఉండేది. మన జొన్నరొట్టెకు దగ్గరి చుట్టం అనుకోవచ్చు. మెత్తగా, ఎత్తుగా ఉండే గోధుమ స్కోన్ తర్వాతి కాలంలో వచ్చింది. అది పొంగడానికి ఒక పొడి కావాల్సి వచ్చింది.

గుడ్డు, ఈస్టు పడని ఇల్లాలు

ఆల్‌ఫ్రెడ్ బర్డ్ బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపేవాడు. ఆయన భార్య ఎలిజబెత్‌కు గుడ్లు పడవు. ఈస్టు కూడా పడదు. ఆ రోజుల్లో రొట్టె పొంగాలంటే ఈస్టు కావాలి, కస్టర్డ్ చిక్కబడాలంటే గుడ్డు కావాలి. అంటే ఆమెకు రెండూ లేవు.

బర్డ్ 1837లో మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు. 1843లో ఈస్టు అవసరం లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. అది పనిచేసే తీరు సులువు. తినే సోడాకు పుల్లటి పదార్థం, తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. ఆ బుడగలే పిండిని లేపుతాయి. బేకింగ్ పౌడర్‌లో సోడా, పుల్లటి పొడి రెండూ పొడిగా కలిసి ఉంటాయి. తడి తగిలేదాకా ఊరుకుంటాయి.

అంతకుముందు ఆ పులుపు కోసం చాలామంది మజ్జిగ పోసేవాళ్ళు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. స్కోన్ పొంగడానికి మజ్జిగలో కావాల్సింది పాలు కాదు, పులుపు. సోయా పాలల్లో నిమ్మరసం పిండినా అదే పని జరుగుతుంది. ఈ రోజు వీగన్ స్కోన్ చేసేవాళ్ళు వాడే చిట్కా ఇదే.

ఒక మనిషి తన భార్య కూడా అందరితో పాటు తినాలని చేసిన పొడి ఇది. ఇప్పుడు ప్రతి వంటింట్లో ఉంది.

రొట్టె తిని చిక్కిపోయిన పిల్లలు

ఇప్పుడు గోధుమ సంగతి. సీలియాక్ అనే జబ్బు ఉన్నవాళ్ళు గోధుమ, బార్లీ, రై తింటే వాళ్ళ చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటికి పట్టదు. సీలియాక్ అనే మాట గ్రీకు భాషలో కడుపు అనే మాట నుంచి వచ్చింది. సుమారు 2వ శతాబ్దంలోనే అరెటేయస్ అనే వైద్యుడు ఇలాంటి జబ్బు గురించి రాశాడు. కానీ కారణం తెలియడానికి ఇంకో 1,800 ఏళ్ళు పట్టింది. ఈలోపు ఎంతోమంది పిల్లలు పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయి చనిపోయారు.

1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ జబ్బును స్పష్టంగా వర్ణించాడు. ఇది నయం కావాలంటే తిండితోనే కావాలి అన్నాడు. ఆయన రాసిన ఒక ఉదాహరణ నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక పిల్లాడికి రోజూ హాలండ్ నుంచి వచ్చిన ఆల్చిప్పలు పెట్టారు. పిల్లాడు చక్కగా కోలుకున్నాడు. ఆల్చిప్పల కాలం అయిపోగానే మళ్ళీ జబ్బుపడ్డాడు. మరుసటి ఏడు ఎంత బతిమాలినా వాటిని ముట్టలేదు. ఆల్చిప్పల్లో మందు ఏమీ లేదని ఈ రోజు మనకు తెలుసు. వాటితో కడుపు నింపుకుంటే రొట్టెకు చోటు తగ్గుతుంది.

1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపళ్ళ పథ్యం ప్రకటించాడు. పిల్లలకు అరటిపళ్ళు బాగా పెట్టి, రొట్టె మాన్పించాడు. పిల్లలు బతికారు. అయితే అరటిపండే జబ్బు తగ్గిస్తోందని ఆయన నమ్మాడు. తగ్గిన తర్వాత మళ్ళీ రొట్టె తినొచ్చని అనుకున్నారు. చాలా ఏళ్ళు మెప్పంతా అరటిపండుకే వెళ్ళింది.

అసలు జవాబు హాలండ్‌లో దొరికింది. విల్లెమ్ డిక్కె హేగ్ నగరంలో పిల్లల వైద్యుడు. యుద్ధానికి ముందే ఆయనకు గోధుమ మీద అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం అడ్డుకోవడంతో హాలండ్ పడమటి నగరాలకు తిండి ఆగిపోయింది. జనం ట్యూలిప్ దుంపలు కూడా ఉడికించుకుని తిన్నారు. సుమారు 20 వేల మంది చనిపోయారు. ఆ కరువులో రొట్టె దొరకని సీలియాక్ పిల్లలు మాత్రం కాస్త తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. డిక్కె పథ్యాలు మార్చి మార్చి జాగ్రత్తగా పరీక్షించి, 1950లో యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో తన సిద్ధాంత గ్రంథం సమర్పించాడు.

తర్వాతి అడుగు మళ్ళీ బర్మింగ్‌హామ్‌లో పడింది. గోధుమలో ఏ భాగం హాని చేస్తోంది? ఇక్కడి వైద్యులు గోధుమపిండిని కడిగి, గంజి పదార్థాన్ని, జిగురును వేరుచేశారు. గంజి పదార్థం పిల్లలకు ఏ హానీ చేయలేదు. జిగురు పెడితే జబ్బు వచ్చింది. షార్లెట్ ఆండర్సన్, అలస్టెయిర్ ఫ్రేజర్, వాళ్ళ సహచరులు 1952లో లాన్సెట్ పత్రికలో ఇది ప్రకటించారు. గ్లూటెన్ అనే లాటిన్ మాటకు అర్థం కూడా జిగురే. కాబట్టి తెలుగులో మనం వేరే మాట వెతుక్కోనక్కర్లేదు.

1968లో బ్రిటన్‌లో సీలియాక్ రోగుల సంఘం మొదలైంది. స్థాపించినవాళ్ళలో ఒకరు పీటర్ బెనెన్సన్. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌ను 1961లో మొదలుపెట్టింది ఆయనే. ఆయనకూ ఈ జబ్బు ఉంది.

1944 నవంబర్

హాలండ్‌లో ఆ కరువు ముదురుతున్న రోజుల్లోనే, సముద్రానికి ఇవతల లండన్‌లో కొద్దిమంది కలుసుకున్నారు. వాళ్ళు మాంసమే కాదు, పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్ళు. డొనాల్డ్ వాట్సన్ వాళ్ళను కూడగట్టాడు. ఆయన లెస్టర్‌లో వడ్రంగం నేర్పే బడి మాస్టారు, యుద్ధంలో చేరనన్నవాడు. వాళ్ళు వీగన్ సొసైటీ పెట్టారు. ఇంగ్లీషులో వెజిటేరియన్ అనే మాటలో మొదటి మూడు అక్షరాలు, చివరి రెండు అక్షరాలు కలిపితే వీగన్ అవుతుంది.

తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. శాకాహారి అంటే పెరుగన్నం తింటాడు, నెయ్యి వేసుకుంటాడు అనే మనం అనుకుంటాం. పాలు కూడా మానేసినవాడు అని చెప్పాలంటే విడమరిచి చెప్పాలి.

అది రేషన్ కాలం. వెన్న, చక్కెర, గుడ్లు, జున్ను అన్నీ కొలతే. పెద్దవాళ్ళకు వారానికి దాదాపు ఒక గుడ్డు. మాంసం వద్దని పేరు రాయించుకున్న శాకాహారులకు బదులుగా జున్ను ఎక్కువ ఇచ్చేవాళ్ళు. వీగన్లకు ఆ జున్నూ పనికిరాదు. రేషన్ పూర్తిగా పోయింది 1954లో. అంటే గుడ్డు లేని కేకు, వెన్న తగ్గించిన స్కోన్ అప్పుడు బ్రిటన్ అంతా తిన్నది. మిగతావాళ్ళు గత్యంతరం లేక చేసింది, వీళ్ళు ఇష్టపడి చేశారు.

జిగురు లేకపోతే ఏం చేయాలి?

గోధుమ రొట్టె పొంగి నిలబడడానికి కారణం ఆ జిగురే. అది సాగి బుడగలను పట్టుకుంటుంది. కానీ స్కోన్ సంగతి వేరు. మామూలు గోధుమ స్కోన్ చేసేటప్పుడు కూడా పిండిని ఎక్కువ పిసకొద్దు అంటారు. పిసికితే జిగురు బలపడి స్కోన్ గట్టిగా అవుతుంది. అంటే జిగురుతో అతి తక్కువ పని ఉన్న రొట్టెల్లో స్కోన్ ఒకటి. అందుకే గ్లూటెన్ లేని బ్రెడ్డు చేయడం కష్టం, స్కోన్ చేయడం తేలిక.

అయినా ముద్ద విడిపోకుండా ఏదో ఒకటి పట్టి ఉంచాలి. దుకాణాల్లో అమ్మేవాటిలో సాధారణంగా జాంథాన్ గమ్ ఉంటుంది. మన ఇళ్ళలో ఇంకా పాత ఉపాయం ఉంది. జొన్నపిండిలో జిగురు ఉండదు కదా, అందుకని మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. వేడికి కొంత పిండి ఉడికి జావలా అయి మిగతా పిండిని పట్టుకుంటుంది. నానబెట్టిన అవిసె గింజల పొడి, ఇసబ్గోలు పొట్టు కూడా అలాగే పట్టి ఉంచుతాయి.

నేను చేసే కొలత ఇది. బియ్యప్పిండి 150 గ్రాములు, బంగాళాదుంప గంజి పొడి 70, జొన్నపిండి 30, చక్కెర 40, బేకింగ్ పౌడర్ రెండున్నర చెంచాలు, ఇసబ్గోలు ఒక చెంచా, చిటికెడు ఉప్పు. ఇందులో 70 గ్రాముల చల్లటి వీగన్ వెన్నను వేళ్ళతో నలిపి కలపాలి. 140 మిల్లీలీటర్ల సోయా పాలల్లో ఒక పెద్ద చెంచా నిమ్మరసం వేసి పోయాలి. 100 గ్రాముల పండు ముక్కలు వేసి, పది నిమిషాలు ఆగాలి. బియ్యప్పిండి నీళ్ళు పీల్చుకోవడానికి ఆ సమయం కావాలి. రెండున్నర సెంటీమీటర్ల మందంగా అద్ది, ముక్కలు కోసి, 210 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు కాల్చాలి.

ఏ నెలకు ఆ పండు

ఫిబ్రవరిలో రూబార్బ్. నిజానికి అది పండు కాదు, ఆకు కాడ. 1817లో చెల్సీ ఔషధ తోటలో రూబార్బ్ వేళ్ళ మీద పొరపాటున మట్టి పడింది. వెలుతురు తగలని కాడలు లేతగా, తియ్యగా వచ్చాయి. ఇప్పటికీ యార్క్‌షైర్‌లో చీకటి కొట్టాల్లో పెంచి, కొవ్వొత్తి వెలుతురులో కోస్తారు. జూన్‌లో గూస్‌బెర్రీ. మన ఉసిరిని ఇండియన్ గూస్‌బెర్రీ అంటారు కానీ ఈ రెండూ చుట్టాలు కావు. పులుపు మాత్రం కలుస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో రోడ్డు పక్క ముళ్ళపొదల్లో బ్లాక్‌బెర్రీ. సెప్టెంబర్ 29న మైకెల్మస్ పండుగ దాటాక వాటిని కోయకూడదు, సైతాను వాటిని పాడుచేస్తాడని పాత నమ్మకం. ఆ తర్వాత పళ్ళు నిజంగానే నీరుకారిపోతాయి. రూబార్బ్‌ను ముందుగా కాస్త కాల్చి నీరు తీసేయాలి. బ్లాక్‌బెర్రీలను గడ్డకట్టించి వేస్తే ముద్ద ఊదారంగు కాదు.

అందరూ తినే పళ్ళెం

మా మేనకోడలికి సీలియాక్ ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పండుగ భోజనాల్లో పెద్దవాళ్ళు ప్రేమగానే అంటారు, ఒక్క ముక్కకి ఏమవుతుందే అని. ఏమవుతుందో 1952 నుంచి మనకు తెలుసు. ఆ ఒక్క ముక్క కూడా పేగును గాయపరుస్తుంది.

మనవాళ్ళు బియ్యం, జొన్న, రాగి తినేవాళ్ళం కాబట్టి మన వంట ఆమెకు భద్రం అనుకుంటాం. చాలావరకు నిజమే. కానీ డబ్బాలో దొరికే ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలుస్తుంది. అంటే పులిహోరలో, సాంబారులో కూడా గోధుమ ఉండొచ్చు. కొన్ని బేకింగ్ పౌడర్లలోనూ ఉంటుంది. డబ్బా మీద రాసింది చదవాలి. చపాతీ కాల్చిన పెనం, పూరీలు వేయించిన నూనె ఆమెకు వాడకూడదు.

గీ కాలంలో అయితే ఈ పిల్ల ఆల్చిప్పల కాలం కోసం ఎదురుచూసేది. హాస్ కాలంలో అరటిపళ్ళతో బతికేది. ఇప్పుడు పళ్ళెంలో అందరితో పాటు స్కోన్ తీసుకుంటుంది. అందుకే మా ఇంట్లో ఆమె కోసం వేరే పళ్ళెం పెట్టడం మానేశాం. ఒకే వాయి చేస్తాం, అందరం అదే తింటాం. మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్ల ఉంటే, ముందు ఇంగువ డబ్బా తీసి చదవండి. తర్వాత ఈ నెల ఏ పండు దొరుకుతుందో చూడండి.