రోనా: కూలీలెక్కిన ఓడ, సైనికులతో మునిగిన ఓడ

భివండీలో మనవాళ్ళ వలస కథ అందరికీ తెలిసిందే. తెలంగాణ జిల్లాల నుంచి నేతపనివాళ్ళు మగ్గాల కోసం వచ్చారు, పద్మనగర్ ఏర్పడింది. అంజూర్ ఫాటాలో ఉండే మేం కూడా ఆ కథే వింటూ పెరిగాం. కానీ కోస్తా జిల్లాల మనవాళ్ళు చాలామంది సముద్రం దాటి వెళ్ళారు. కొందరు బర్మాకి, కొందరు మలయా రబ్బరు తోటలకి. ఆ మలయా దారిలో తిరిగిన ఓడల్లో ఒకటి రోనా.

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1926లో దీన్ని ఇంగ్లండులో కట్టించింది. 8,602 టన్నుల ఆవిరి ఓడ, సరుకులూ మనుషులూ రెండూ మోసేది. దీని జంట ఓడ పేరు రజులా. మద్రాసు, నాగపట్నం, పినాంగు, సింగపూర్ వాటి దారి. క్యాబిన్లలో పట్టేది కొద్దిమందే. డెక్కు మీద మాత్రం 5,000 మందికి పైగా ఎక్కించుకునే అనుమతి ఉండేది. కంగాణీలు పోగుచేసిన తమిళ కూలీలు, తెలుగు కూలీలు ఆ డెక్కు మీదే మూటాముల్లెతో వెళ్ళేవాళ్ళు. 1938లో భారత ప్రభుత్వం మలయాకి కూలీలను పంపడం ఆపేసింది. మరుసటి ఏడే యుద్ధం వచ్చింది, రోనా సైనికుల ఓడ అయింది.

1943 నవంబర్ 25న దాదాపు 2,000 మంది అమెరికన్ సైనికులతో అల్జీరియాలోని ఓరాన్ నుంచి బయల్దేరింది. సూయజ్ దాటి మన దేశం వైపు, బర్మా యుద్ధరంగం కోసం రావాలి. మర్నాడు సాయంత్రం జర్మన్ విమానం వదిలిన గ్లైడ్ బాంబు తగిలింది. విమానంలో కూర్చుని రేడియోతో నడిపించే బాంబు అది, అప్పటికి కొత్త ఆయుధం. 22 లైఫ్‌బోట్లలో ఎనిమిదే నీళ్ళలోకి దిగాయి. గంటన్నరలో ఓడ మునిగింది. 1,015 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. పయనీర్ అనే అమెరికన్ నౌక ఒక్కటే 600 మందికి పైగా కాపాడింది.

ఆ ఆయుధం సంగతి బయటికి రాకూడదని అమెరికా ఈ వార్తను దాచింది. బతికినవాళ్ళూ, చనిపోయినవాళ్ళ కుటుంబాలూ ఏళ్ళ తరబడి అడిగాకే స్మారకాలు వచ్చాయి. 2000లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసింది.

మరి ఓడ సిబ్బంది? వాళ్ళలో ఎక్కువమంది భారతీయ లస్కర్లు. పడవలు వదిలేసి తమ దారి తాము చూసుకున్నారని బతికిన సైనికులు కొందరు వాళ్ళని నిందించారు. కానీ లెక్క చూడండి. 195 మంది సిబ్బందిలో సగం కంటే ఎక్కువమంది పోయారు. తమ దారి చూసుకున్నవాళ్ళ లెక్క ఇలా ఉంటుందా?

యుద్ధంలో పోయిన భారతీయ నావికులకి కూడా స్మారకం ఉంది. అది రాతి మీద చెక్కింది కాదు, పేర్లు రాసిన పుస్తకం. ఒక ప్రతి చిట్టగాంగులో, ఇంకోటి ముంబైలో మసీద్ బందర్ దగ్గరున్న ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో. సుమారు 6,500 పేర్లు. మా అంజూర్ ఫాటా నుంచి ఠాణే వెళ్ళి లోకల్ ఎక్కితే చేరిపోయే దూరం.

రజులా మాత్రం యుద్ధం నుంచి బయటపడి 1970ల దాకా తిరిగింది. చివరికి బొంబాయిలోనే తుక్కుకి వెళ్ళింది. మలేషియాలో చుట్టాలున్నవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి అడగండి, వాళ్ళ వాళ్ళు ఏ ఓడ ఎక్కారో, ఏ ఏడో. డెక్కు మీద వెళ్ళినవాళ్ళకి అలాంటి పుస్తకం ఎవరూ రాయలేదు. ఆ పేర్లు మనమే రాసిపెట్టుకోవాలి.